పద్నాలుగో రీలు

సినిమా హాల్లో ఒక మనిషి మైకు ముందు కూర్చుని, తెర మీద జరిగేదంతా జనానికి తెలుగులో చెప్పేవాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఈ మధ్య మా పక్కింటి అమ్మాయికి చెబితే, "అంటే పక్క సీట్లో కూర్చుని కథ చెప్పి విసిగిస్తారే, అట్లాంటివారన్నమాట మీరు" అంది. కాదనలేకపోయాను. తేడా ఒక్కటే, నన్ను జీతమిచ్చి పెట్టుకున్నారు. నేను నోరు మూసుకుంటే జనం ఈలలు వేసేవాళ్లు.

ఆ తరువాత నెల్లూరులో ఒక పక్కా హాల్లో గేటు దగ్గరా, ఆఫీసు గదిలోనూ చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. చెప్పవలసింది అంతకుముందు డేరా టాకీసులో గడిపిన ఆరేళ్ల గురించి, అందులోనూ ఒకే ఒక్క సినిమా గురించి. సినిమాల పిచ్చి ఉన్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు వచ్చి పాత సంగతులు అడుగుతుంటారు. నవ్వొచ్చేవి నాలుగు చెప్పి, టీ ఇప్పించి పంపిస్తాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరైనా వినండి.

మాది దూదేకుల ఇల్లు. మా నాయన పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది తెలుగే. పండగ నమాజుకు పోతే పట్నం సాయిబులు మాకు ఉర్దూ రాదని నవ్వేవాళ్లు. మిగతా ఊరంతా మా పేర్లు చూసి, అది మాకు పుట్టుకతోనే వచ్చిందనుకునేది. నాయన పోయిన ఏడాది డేరా యజమాని ఒకాయన పరుపు కోసం వచ్చాడు. బేరంలో నా గొంతు విని ముచ్చటపడి, "సాయిబువి గదా, నీకు హిందీ వచ్చు గదా" అన్నాడు. అమ్మ అంతకు ముందే పోయింది. ఇంట్లో నేనొక్కడినే. దూది దుమ్ముకు దగ్గు పట్టుకుని ఉంది. వచ్చు అన్నాను.

ఆ మాట పట్టుకుని ఆరేళ్లు బతికాను. నెల్లూరు జిల్లాలో కోట ఊరి వైపు, ముత్తుకూరు వైపు సముద్రం పక్క పల్లెల్లో మా డేరా తిరిగేది. తెలుగు, అరవ సినిమాలకు నాతో పని లేదు. ఆ రోజుల్లో టిక్కెట్లు చించేవాడిని. తెలుగు సినిమా రీళ్ల పెట్టె దొరకనప్పుడు హిందీది వచ్చేది, అప్పుడు నేను మైకు ముందు కూర్చునేవాడిని. చాలావరకు కత్తి యుద్ధాల సినిమాలు. గుర్రం మీద వచ్చేవాడు మంచివాడు, మీసం మెలేసేవాడు చెడ్డవాడు, ఏడ్చేది తల్లి. దానికి హిందీ ఎందుకు? ఒకటి రెండు ఆటలు చూసి, పాత్రలకు పేర్లు పెట్టి, కథ అల్లేసేవాడిని. నాకు హిందీ రాదన్న సంగతి తెలిసినవాడు మా ఆపరేటర్ ఒక్కడే. నెల్లూరు క్రైస్తవుడు, మాట తక్కువ మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. మొదటి వారంలోనే కనిపెట్టాడు. "ఎవురికీ నష్టం లేనంత కాలం కానీ" అన్నాడు, అంతే.

నేను కూర్చునే చోటు తెర పక్కన, తడిక చాటున. జనానికి నేను కనపడను. నాకు తెర ఏటవాలుగా కనిపించేది, మొహాలన్నీ సాగిపోయి ఉండేవి. ఊరంతా నా గొంతు వినేది గాని, పగలు వీధిలో పోతుంటే నన్నెవరూ పోల్చుకునేవారు కాదు. కిళ్లీ కొట్లో నోరు తెరిస్తే, "నువ్వా" అని ఒక నవ్వు నవ్వి మళ్లీ వాళ్ల మాటల్లో పడేవాళ్లు. ఊరు మారడం, డేరాలో పడుకోవడం, ఎవరింటికీ పోకపోవడం అలవాటైపోయింది. అలవాటైంది అన్నానుగాని బాధ లేదని కాదు. ఉండేది. ముఖ్యంగా సాయంత్రం ఆటకు ముందు, పిల్లలను చంకనేసుకుని కుటుంబాలకు కుటుంబాలు నవ్వుకుంటూ వస్తుంటే చూసినప్పుడు.

చైనాతో యుద్ధం అయిన మరుసటి ఎండాకాలం. కోటకు తూర్పున ఒక చేపలవాళ్ల పాళెంలో మా డేరా దిగింది. యజమాని ఎక్కడినుంచో ఒక హిందీ పెట్టె తెచ్చాడు. ఉత్తర సరిహద్దు మంచుకొండల్లో రెండు కుటుంబాల పగ, మూడు తరాల కథ. రెండు విశ్రాంతులు ఇస్తేగాని అయ్యేది కాదు. "మన జవాన్లు కొట్లాడిన మంచుకొండలు చూడండి" అని బండి మీద చాటింపు వేయించాడు. పాళెంలో అప్పటికి ఎవరూ మంచు చూసి ఎరగరు. ఐసు ఎరుగుదురు, చేపల లారీ మీద వచ్చేది. దానితో విరగబడి వచ్చారు.

నా తిప్పలు దేవుడికే తెలియాలి. మొదటి రోజు ఎవడు ఎవడి కొడుకో అంతు చిక్కలేదు. కొండ మీద ఒక ఇల్లు, కొండ కింద ఒక ఇల్లు ఉన్నాయి. సరే అని పై ఇల్లు, కింది ఇల్లు అని పేర్లు పెట్టాను. మధ్యలో కనుమ దారి, దాని కోసం తగవు. అంతవరకు బాగానే ఉంది. కింది ఇంటి తాతగా వేసినవాడు ఆరో రీలులో చచ్చిపోయి, పదో రీలులో మనవడుగా మళ్లీ వచ్చాడు. చచ్చినోడు ఎట్టా లేచినాడని ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె అడిగింది. తాత పోలికమ్మా అన్నాను. అందరికీ నచ్చింది. ఆ ధైర్యంతో పై ఇంటివాళ్లు దుర్మార్గులు, కింది ఇంటివాళ్లు ధర్మాత్ములు అని తేల్చేశాను. ఎందుకు అట్లా తేల్చానంటే, పై ఇంటి మనవడి మొహం నాకు నచ్చలేదు. అంతకు మించి కారణం లేదు.

పద్నాలుగో రీలు రెండో విశ్రాంతికి ముందు వస్తుంది. మంచు తుపాను. ఇద్దరు మనవళ్లూ ఒక బండ చాటున చిక్కుకుంటారు. కింది ఇంటివాడు కదలకుండా పడి ఉంటాడు. పై ఇంటివాడు వచ్చి, వాడి బూట్లు ఊడబెరికి, తన కోటు విప్పి, వాడి రెండు పాదాలూ తన పొట్టకు హత్తుకుని, తల వంచుకుని కూర్చుంటాడు. చాలాసేపు అట్లాగే. చూశారా, ఇక్కడ మీకు నాకు తోచినదే తోస్తుంది. మన దేశంలో ఒకడు ఇంకొకడి కాళ్లు పట్టుకుని తల వంచాడంటే దానికి ఒక్కటే అర్థం. "చూడండమ్మా, చూడండయ్యా" అని గొంతు పెంచాను. మూడు తరాల పాపం వీడి చేత కాళ్లు పట్టించింది, తప్పయింది క్షమించమని ఏడుస్తున్నాడు, అని చెప్పాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, మగవాళ్లు చప్పట్లు కొట్టారు.

పాళెంలో తీర్పులు చెప్పే పెద్దమనిషిని పెద్దకాపు అంటారు. ఆయన ముందు వరసలో కుర్చీ వేయించుకుని ఆ సినిమా నాలుగుసార్లు చూశాడు. ఆ వారంలోనే, వల చించిన తగవొకటి ఆయన ముందుకు వచ్చింది. తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకుంటాడుగాని కాళ్లమీద పడనన్నాడట. "సినిమాలో అంత పెద్దింటోడు పడలా? నువ్వు వాడికంటే పెద్దోడివా?" అని పెద్దకాపు పడేలా చేశాడట. ఈ సంగతి కిళ్లీ కొట్లో విని నేను పొంగిపోయాను. నా మాట తీర్పుల్లోకి ఎక్కింది అనుకున్నాను. ఆపరేటర్‌కు చెబితే నవ్వలేదు.

ఆ మర్నాడు పొద్దున ఇసక మీద నడుస్తుంటే, అలివి వల లాగుతున్నారు. అది పెద్ద వల. రెండు వైపులా తాళ్లు పట్టి పాతికమంది లాగితేగాని ఒడ్డుకు రాదు. పాళెంలో ఒళ్లు వంగే మగవాడు ఎవడైనా సరే తాడు పట్టవలసిందే, పట్టినవాడికి చేపల్లో పాలు, అంటే వాటా, ఉంటుంది. అందరూ తాడు మీద ఉంటే, ఒక్కడు మాత్రం దూరంగా చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇరవయ్యారు ఇరవయ్యేడేళ్లవాడు, ఖాకీ నిక్కరు. కాళ్లు ఇసకలో కప్పుకుని ఉన్నాడు. నా దగ్గు విని తల తిప్పి, "కథ చెప్పే సాయిబన్నవు గదా" అన్నాడు. అన్ని ఊళ్లలోనూ నన్ను దగ్గు విని పోల్చుకున్నవాడు అతనొక్కడే.

అతను పట్టాళంలో కొండల్లో దారులు వేసే దళంలో పనిచేశాడు. యుద్ధంలో వెనక్కి తగ్గి రావలసివచ్చినప్పుడు మూడు రోజులు మంచులో నడిచాడు, గుడ్డ బూట్లతో. పాదాలు చచ్చుబడిపోయాయి. ఆస్పత్రిలో ఎడమకాలి వేళ్లన్నీ, కుడికాలివి రెండు తీసేసి ఇంటికి పంపారు. ఇంటికి వచ్చాడు. ఇక్కడ వచ్చింది అసలు కష్టం. చలికి వేళ్లు ఊడిపోతాయంటే పాళెంలో ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు. మా నెల్లూరు సీమలో చలి అంటే దుప్పటి కప్పుకునేది, అంతవరకే. వేళ్లు ఊడిపోయేది ఒక్క కుష్ఠుకే, దాన్ని పెద్దరోగం అంటారు. ఆ మాట పుట్టిందో లేదో, పెద్దకాపు అతన్ని అలివి తాడు ముట్టవద్దన్నాడు. తాడు ముట్టనివాడికి పాలు లేదు. అది పోతే పోయింది, ఎవరి తెప్ప మీదా చోటు లేదు, ఎవరింట్లోనూ మంచినీళ్లు లేవు. ఎండుచేపలు అమ్ముకుని బతికే అక్క ఒకతె అతన్ని పెట్టుకుని ఉంది. ఇప్పుడు ఆమె చేపలు కొనేవాళ్లు కూడా తగ్గారు.

ఇదంతా అతను కోపం లేకుండా చెప్పాడు. నేను రెండు బారల దూరంలో కూర్చుని విన్నాను. ఆ దూరం నేనే పెట్టుకున్నాను, అతను చూశాడు.

తరువాత మెల్లగా అడిగాడు, నీకు హిందీ రాదు గదన్నా అని. పట్టాళంలో ఏడేళ్లు ఉన్నవాడికి హిందీ వస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు. అతను నవ్వాడు. నా కథ కూడా బాగానే ఉందన్నాడు. నాలుగు ఆటలు డేరా వెనక నిలబడి చూశాడట, లోపలికి వస్తే పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి. ఆ భాష వినడానికి వచ్చేవాడట. నా గొంతు అడ్డం వచ్చేదని కూడా మొహమాటపడుతూ చెప్పాడు.

"అన్నా, ఆ బండ చాటున వాడు క్షమించమని పట్టుకోలేదు కాళ్లు," అన్నాడు. "చలికి చచ్చుబడిన కాళ్లకు ఇంకో మనిషి పొట్ట వేడి తప్ప మందు లేదు. నాకూ ఒకడు అట్టనే చేసినాడు. కొండపిల్లోడు. ఆ రాత్రంతా నా కాళ్లు చొక్కాలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను దిగొచ్చినాను, వాడు రాలా."

అప్పుడు చెప్పదలుచుకున్నది చెప్పాడు. పాళెంలో తన మాట ఎవరూ నమ్మరు, నా మాట నమ్ముతారు. ఆ ఒక్క చోట నిజం చెప్పమన్నాడు. మంచులో కాళ్లు చచ్చుబడతాయని, వేళ్లు పోతాయని, అది రోగం కాదని మైకులో చెబితే, పెద్దకాపు తనను తాడు పట్టనిస్తాడు. అంతకంటే ఏమీ అడగలేదు. "తాడు పట్టుకోనిస్తే చాలన్నా" అన్నాడు.

సరే అన్నాను. అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ తరువాత నాలుగు పొద్దులు మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. సినిమా కథంతా మొదటినుంచి చెప్పాడు. పై ఇంటివాడే మంచివాడని తేలింది. నాకు సిగ్గు వేసింది, నవ్వూ వచ్చింది. చాలా ఏళ్ల తరువాత ఒక మనిషి నాతో, నా గొంతుతో కాదు, నాతో మాట్లాడుతున్నాడు. నాలుగో రోజుకు రెండు బారల దూరం ఎప్పుడు పోయిందో తెలియదు. మధ్యాహ్నం డేరాకు తిరిగి వచ్చేటప్పుడు, ఆ పాళెంలో ఇంకో నెల ఉంటే బాగుండునని అనిపించేది. అట్లాంటి కోరిక నాకు ఏ ఊళ్లోనూ కలగలేదు.

ఆ నాలుగు రోజులూ ఆటలో మాత్రం పాత కథే చెబుతూ వచ్చాను. పది రోజులు ఒకలాగా చెప్పి, పదకొండో రోజు ఇంకోలాగా చెప్పడం ఎట్లా? యజమాని ఊరుకోడు. పైగా పెద్దకాపు ఇచ్చిన తీర్పు ఒకటి దాని మీద నిలబడి ఉంది. ఆఖరి రోజు చెబుతాను, మర్నాడు డేరా ఎత్తేస్తాం కాబట్టి తిట్టేవాళ్లు తిట్టుకుంటారు, అన్నాను అతనితో. అతను ఒప్పుకున్నాడు. ఆ పొద్దున ఇసక మీద చెప్పవలసిన మాటలు రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. తప్పు లేకుండా చెప్పాను.

ఆఖరి రోజు ఒక్కటే ఆట. డేరా కిక్కిరిసిపోయింది. ఎప్పుడూ గేటు దగ్గర ఉండే యజమాని ఆ రోజు చోటు లేక వచ్చి నా తడిక చాటున, నా పక్కనే స్టూలు వేసుకున్నాడు. ముందు వరసలో పెద్దకాపు. ఆ పట్టాళం అబ్బాయి కూడా లోపలికి వచ్చి ఒక మూల కూర్చున్నాడు, చుట్టూ ఖాళీ.

పద్నాలుగో రీలు పడింది. తుపాను వచ్చింది. పై ఇంటివాడు బూట్లు ఊడబెరికాడు. నోరు తెరిచాను. "చూడండమ్మా, చూడండయ్యా" అని మొదలుపెట్టాను. ఆ మాట తరువాత ఇన్నాళ్లూ ఏ మాట వచ్చిందో అదే వచ్చింది. మూడు తరాల పాపం, తప్పయింది, క్షమించమని. ప్రమాణం చేసి చెబుతున్నాను, కావాలని కాదు. రోజుకు రెండు ఆటల చొప్పున నోటికి తిరిగిన పాఠం. మెదడు ఇంకా కొత్త మాటలు వెతుక్కుంటుండగానే నోరు పాతది అప్పజెప్పేసింది. పక్కన యజమాని తృప్తిగా తల ఊపాడు.

ఆ మొదటి తప్పును నేను ఏదో విధంగా మరిచిపోగలిగేవాడిని. నిద్ర పట్టనివ్వనిది రెండోది.

మూల కూర్చున్న అతను లేచాడు. కర్ర పోటు వేసుకుంటూ జనం మధ్యనుంచి వచ్చాడు, జనం తగలకుండా జరిగి దారి ఇచ్చారు. తెర ముందు నిలబడ్డాడు. అతని నీడ మంచు మీద పడింది. కూర్చోమని నాలుగైదు గొంతులు అరిచాయి. పెద్దకాపు చేయెత్తి ఆట ఆపమన్నాడు. ఆపరేటర్ ఆపాడు, దీపాలు వేశాడు.

అతను కాళ్లకు చుట్టుకున్న గుడ్డ విప్పి చూపించాడు. తెర మీద ఉన్నవాడు కాళ్లు పట్టుకున్నది ప్రాణం నిలబెట్టడానికని, తనకు జరిగింది అదేనని, రోగం కాదని చెప్పాడు. సినిమా చెబుతున్నదీ అదే, హిందీ వచ్చినవాళ్లను ఎవరినైనా అడగండి అన్నాడు. ఎంత మెల్లగా మాట్లాడాడంటే వెనకవాళ్లు ఏంది ఏంది అని అడిగారు.

పెద్దకాపు తడిక వైపు తిరిగాడు.

"ఏం సాయిబూ, వీడు చెప్పేది నిజమేనా? సినిమాలో అట్ట ఉందా?"

మైకు నా ముందే ఉంది. యజమాని నా మోకాలి మీద చేయి వేశాడు. గట్టిగా కూడా వేయలేదు. నేను అనుకున్నవి ఏవో మీకు చెప్పాలి గదా, చెబుతాను. ఉంది అంటే, మరి పది రోజులుగా నువ్వు చెప్పిందేంది అంటారు. నాకు హిందీ రాదని ఒప్పుకోవాలి. ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మళ్లీ ఆ ఖాళీ ఇల్లు, ఆ దూది దుమ్ము. ఇంతే అనుకున్నాను. ఇంతకన్నా పెద్ద ఆలోచన ఏదీ నాకు రాలేదు.

"లేదు పెద్దకాపూ," అన్నాను మైకులో. "సినిమాలో అట్ట లేదు."

డేరాలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నయం. ఒకరిద్దరు అయ్యో అన్నారు, పిచ్చివాడిని చూసి అన్నట్టు. అతను తడిక వైపు చూశాడు. నేను కనపడనని నాకు తెలుసు. అయినా చూశాడు. గుడ్డ కాళ్లకు చుట్టుకుని, చుట్టుకోవడానికి చాలాసేపు పట్టింది, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. పెద్దకాపు చేయి ఊపాడు. దీపాలు ఆర్పారు. మిగతా రీళ్లకు నేను కథ చెప్పాను. అది కూడా చెప్పాలి మీకు. బాగానే చెప్పాను.

ఆట అయ్యాక ఆపరేటర్ రీళ్లు పెట్టెలో సర్దుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నష్టం లేనంత కాలం అన్నాను నేను."

ఆ తరువాత నేను డేరా వదిలేవరకు రెండేళ్లు అతనితో కలిసి పనిచేశాను. పని మాటలు తప్ప అతను నాతో ఒక్క మాట కలపలేదు.

ఆట మర్నాడు తెల్లవారి ఆ అబ్బాయి అక్క ఇంటికి పోయాను. తలుపు దగ్గర ఆమె నిలబడి, పడుకోనున్నాడు, ఇప్పుడు వద్దులే అంది. అక్కడినుంచి నేరుగా పెద్దకాపు ఇంటికి పోయాను. ఆయన వేపపుల్ల నములుతూ అరుగు మీద ఉన్నాడు. ఈసారి తడబడలేదు. నాకు హిందీ రాదు, నేను చెప్పిన కథంతా నా కల్పన, ఆ అబ్బాయి చెప్పిందే నిజం, అతన్ని తాడు పట్టనివ్వండి అని చేతులు జోడించి చెప్పాను. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను. ఒక రోజు ఆలస్యంగా వచ్చిన ధైర్యం అది.

ఆయన చెడ్డవాడు కాడు. పుల్ల ఉమ్మేసి, సావకాశంగా ఆలోచించాడు.

"నీకు హిందీ రాదు. అది ఒప్పుకున్నావు, మంచిది," అన్నాడు. "మరి వాడు చెప్పిందే సరైందని నీకెట్ట తెలుసు సాయిబూ?"

అతను చెప్పాడు కాబట్టి అన్నాను. ఆయన జాలిగా నవ్వాడు. వాడు ఎవరితోనైనా అదే చెబుతాడులే, పాపం, చెప్పకేం చేస్తాడు అన్నాడు. నాకు హిందీ రాదన్న సంగతి ఎవరికీ చెప్పనని కూడా మాట ఇచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు. నా ఉద్యోగం పోలేదు.

డేరా సామాను బండ్ల మీద వెనక వస్తోంది, నేను కోట నుంచి బస్సు ఎక్కాను. సగం దారిలో ఉన్నట్టుండి పెద్దకాపు ప్రశ్నకు సమాధానం తోచింది. ఆ పద్నాలుగో రీలులో, ఆ బండ చాటున, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడరు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. హిందీతో అక్కడ పనే లేదు. ఆ బూట్లు ఊడబెరకడం, ఆ కోటు విప్పడం కళ్లు పెట్టి చూస్తే చాలు. అరవవాడికైనా, తెలుగువాడికైనా, మూగవాడికైనా అర్థమవుతుంది. అర్థం కాకుండా అడ్డుపడింది నేనొక్కడినే. నేను ఊరుకుని ఉంటే పెద్దకాపు తన కళ్లతో తానే చూసి ఉండేవాడు. బస్సు దిగి వెనక్కి పోయి ఈ మాట చెప్పవలసింది. పోలేదు. రాత్రికి ఇంకో ఊళ్లో ఆట ఉంది.

వానలు పడ్డాక డేరా మళ్లీ కోట వైపు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఖాళీ చూసుకుని పాళెం పోయాను. అతని అక్క వాకిట్లో చేపలు ఆరబెట్టుకుంటోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. ఏడీ అని అడిగాను.

"మళ్లా ఉత్తరాదికి పొయినాడు. కొండల్లో దారులకు మనుషులు కావాలంట," అంది. "ఆడైతే నా కాళ్లు చూసి ఎవురూ ఏమీ అడగరక్కా అన్నాడు."

పోయేముందు మిషనువాళ్ల కుష్ఠు ఆస్పత్రికి నడిచివెళ్లి, అక్కడ డాక్టరు చేత కాగితం రాయించుకుని వచ్చాడట. పెద్దకాపు అరుగు మీద పెట్టాడట. ఊరివాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాడి చేతిలోనుంచి వచ్చిన కాగితమని ఎవరూ ముట్టుకోలేదట. సాయంత్రం దాకా చూసి మళ్లీ తెచ్చి చూరులో దోపి, మర్నాడు వెళ్లిపోయాడు. ఆమెకు చదువు రాదు. అందులో ఏముందో ఆమెకూ తెలియదు.

తీసి ఇమ్మన్నాను. ఆమె నా మొహంలోకి ఒక క్షణం చూసి, లేచి, చూరులోనుంచి తీసి ఇచ్చింది. నాలుగు వరసలు, తెలుగులోనే ఉంది. ఈ మనిషికి కుష్ఠు లేదు, ఎన్నడూ రాలేదు, కాలివేళ్లు మంచులో గడ్డకట్టి పోయినవి, ఇతన్ని తాకడం వల్ల ఎవరికీ ఏ హానీ లేదు, అని.

గొంతు సవరించుకుని చదివాను. డేరాలో కథ చెప్పినంత గట్టిగా, మొదటినుంచి చివరిదాకా, సంతకంతో సహా చదివాను. వాకిట్లో ఆమె తప్ప ఎవరూ లేరు.